నూకరాజు పలాయన పరీక్ష

కొల్లాటి నూకరాజు పారిపోతాడా, పారిపోడా అన్న ప్రశ్న మీద జిల్లాలో అంతమంది పెద్దలు అన్ని నెలలు తలలు బద్దలు కొట్టుకుంటారని నూకరాజుకి తెలియదు. తెలిసి ఉంటే మొదటిరోజే "పారిపోనండి బాబూ" అని చెప్పేసి, వాళ్ళకా శ్రమ తప్పించేవాడు. నిజానికి చెప్పాడు కూడా. కానీ ముద్దాయి మాట సాక్ష్యం కాదట.

నూకరాజు బాతులు మేపుకునేవాడు. కోతలయ్యాక చేలల్లో రాలిపోయిన గింజని పరిగె అంటారు. కోత ఎక్కడ ముందైతే అక్కడికి మందని తోలుకుపోయి, ఆ పరిగె మేపి, గుడ్లమ్ముకుంటూ కోతలతో పాటే ముందుకు నడిచిపోయేవాడు. ఏడాదిలో సగం గట్ల మీద, సగం చినగుమ్మలూరులో సొంత పాకలో. ఎవరి జోలికీ వెళ్ళేవాడు కాదు. బాతులు మాత్రం అందరి జోలికీ వెళ్ళేవి.

పోయిన వేసవి పంట, దాళ్వా కోతల్లో అలాగే ఒక చేలో దిగాయి. కౌలురైతు మేపుకోమన్నాడు. భూస్వామి తాలూకు మేస్త్రీ పాపారావుకి ఆ సంగతి తెలియదు. కర్ర తిప్పుకుంటూ గట్టు మీద పరుగెత్తుకొచ్చాడు. బాతులు నడిచిన గట్టు ఎలా ఉంటుందో బాతులవాడికి తెలుసు గానీ మేస్త్రీలకి తెలియదు. కాలు జారి, పక్కనున్న బోదె కాలవలో పడి, చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. నూకరాజు దిగి, చొక్కా పట్టుకుని పైకి లాగాడు. సరిగ్గా ఆ లాగేటప్పుడే నలుగురు చూశారు.

కోర్టులో "నువ్వు పాపారావు చొక్కా పట్టుకున్న మాట నిజమా?" అని అడిగారు. "నిజమేనండి" అన్నాడు నూకరాజు. ఎందుకు పట్టుకున్నాడో చెప్పబోతే, అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పమన్నారు. తొయ్యడం, చెయ్యి విరగ్గొట్టడం రుజువయ్యాయని రెండేళ్ళు వేశారు.

లాయరు భానుమూర్తిగారు పై కోర్టులో అప్పీలు వేశారు. ఆయన మంచివాడు, కాస్త ఆయాసం మనిషి.

"అప్పీలు దానంతటది నడుస్తుందమ్మా. అది తెమిలేదాకా మీ ఆయన లోపల ఉండక్కర్లేదు. బెయిలడుగుదాం" అన్నారాయన నూకరాజు భార్య లోవతల్లితో.

"సార్వా కోతల్లోపు బయటికొచ్చేత్తాడాండీ?" అని అడిగింది లోవతల్లి. "ఇంట్లో ఉన్న నూకలన్నీ ఆటికే పోత్తన్నాను. పరిగె మేతకి దిగాపోతే మంద నిలవదండి. నేను పిలిస్తే అడుగు ముందుకెయ్యవు, ఆయన కేకే కావాలాటికి. కోతలు దాటితే కోసుకునేవోళ్ళకి అమ్మేసుకోటవేనండి."

"సార్వా అంటే శీతాకాలం పంట కదమ్మా, కోతలకింకా బోలెడు టైముంది" అన్నారు భానుమూర్తిగారు. వకీళ్ళ బోలెడు టైము మీద నమ్మకం పెట్టుకున్నవాళ్ళలో లోవతల్లి మొదటిది కాదు.

సెషన్సు జడ్జిగారు ధర్మాత్ముడు. కాగితాలు చూసి, శిక్ష చిన్నదే, అప్పీలు తేలడానికి ఆలస్యమయ్యేలా ఉంది, పాత కేసులేమీ లేవు, బెయిలివ్వడానికి అభ్యంతరం కనబడదు అన్నారు. ఒక్కటే సందేహం. బయటికి వెళ్ళినవాడు అప్పీలు నాటికి ఉంటాడా, ఉడాయిస్తాడా?

ఇదివరకైతే ఈ సందేహాన్ని ఊరి ఎస్సైగారు ఒక్క మాటలో తీర్చేవారు. "పారిపోవును" అని రాసేవారు. అందరికీ అదే రాసేవారు గనక ఎవరికీ పక్షపాతం జరిగేది కాదు. అయితే ఈమధ్యే ప్రభుత్వం వారికి శాస్త్రం మీద మోజు పుట్టి, "పలాయన ప్రవృత్తి మాపన విభాగం" అని ఒకటి పెట్టారు. దాని నివేదిక లేనిదే ఏ బెయిలూ తేల్చరాదని ఉత్తర్వు వచ్చింది. జడ్జిగారు నివేదిక తెప్పించమన్నారు.

విభాగానికి సంచాలకులు డాక్టర్ హేమచంద్రగారు. అంతకు ముందాయన వలసపక్షుల మీద పరిశోధన చేసేవారు. పక్షులకి నిధులు ఆగిపోతే ఆయన్ని మనుషుల మీదికి బదిలీ చేశారు. ఆయన జైలుకొచ్చి, నూకరాజుని ఎదురుగా కూర్చోబెట్టుకుని, కళ్ళజోడు సవరించుకున్నారు.

"సగటున దినమునకు ఎంత దూరం సంచరిస్తావు?"

"బాతు ఎంత నడిత్తే అంతండి."

"నడకలో వెనక్కి తిరిగి చూసే అలవాటుందా?"

"సూడాపోతే ఎలాగండీ? ఎనకబడ్డదాన్ని కుక్కలు పీకేత్తాయి."

'ఎవరో వెంబడిస్తున్నారన్న శంకతో తరచు వెనుకకు చూచును' అని రాసుకున్నారు డాక్టరుగారు.

"రాత్రిళ్ళు ఎక్కడ నిద్రిస్తావు?"

"ఎక్కడ సీకటడితే అక్కడేనండి."

'స్థిరనివాసము శూన్యము.'

"నీరన్న భయమున్నదా?"

"నీళ్ళంటే భయవైతే ఈ పనికెలా పనికొత్తానండీ? ఏ కాలవైనా ఈదేత్తాను."

'సరిహద్దు నదులు దాటగల సమర్థుడు.'

మొత్తం కూడితే పలాయన సూచిక నూటికి తొంభై ఒకటి వచ్చింది. ఆ అంకె విని నూకరాజు పొంగిపోయాడు. ములాఖత్తుకి వచ్చిన పెళ్ళాంతో, "మా ఇంటావంటా ఇన్ని మార్కులు ఎవడికీ రాలేదే!" అన్నాడు. లోవతల్లి కూడా సంతోషించి, తోటి బాతులవాళ్ళకి బెల్లం ముక్క పంచింది. అవి ఎక్కువ వచ్చినకొద్దీ ఎక్కువ రోజులు లోపలుండే మార్కులని భానుమూర్తిగారు చెప్పేటప్పటికి బెల్లం అయిపోయింది.

వాయిదా నాడు భానుమూర్తిగారు లేచి నిలబడి, "అయ్యా, నా కక్షిదారు పోతాడన్నది నిజమే. కానీ ఏటేటా తిరిగొస్తాడు. ఊరంతా సాక్ష్యం" అన్నారు.

పబ్లిక్ ప్రాసిక్యూటరుగారు చిరునవ్వు నవ్వారు. "మహాప్రభో, పోవుటను కొలుచుటకు విభాగం వద్ద మాపకం గలదు. తిరిగి వచ్చుటను కొలుచుటకు లేదు. కొలతకు అందని గుణమును న్యాయస్థానం ఎట్లు పరిగణించగలదు?"

జడ్జిగారు ఆలోచించారు. ప్రశ్నలతో తేలనిది ప్రయోగంతో తేలుతుందన్నారు. పారిపోయే అవకాశం ఇచ్చి చూడమని ఉత్తర్వు చేసి, పెద్ద వాయిదా వేశారు.

జైలు సూపరింటెండెంటు పరాంకుశంగారికి ఈ ఉత్తర్వు మింగుడు పడలేదు. ఆయన ఉద్యోగమంతా పారిపోకుండా చూడడంలోనే గడిచింది. అయినా పైవారి మాట. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఖైదీలందరినీ బ్యారక్కుల్లో పెట్టి, నూకరాజుని ఒక్కణ్ణే ఆవరణ ఊడవమని వదిలి, పెద్ద గేటు బార్లా తెరిపించారు. అధికారుల ఉనికి వల్ల ముద్దాయి మనస్సు ప్రభావితం కారాదని డాక్టరుగారు గట్టిగా చెప్పడంతో, పరాంకుశంగారూ వార్డర్లూ వంటవాడూ సహా జైలు సిబ్బంది యావత్తూ బయటికి వెళ్ళి తుమ్మపొదల చాటున గొంతుక్కూర్చున్నారు.

నూకరాజు చీపురు పట్టుకుని వస్తూ వస్తూ గేటు చూశాడు. దడి తలుపు తీసి ఉందంటే బాతుల కాపరికి ఒకటే అర్థం, నక్కో కుక్కో రాబోతోందని. కన్నతల్లి పిలిచినా ఆగకుండా ముందు తలుపు మూస్తాడు. చీపురు పారేసి ఒక్క పరుగు తీశాడు.

"పలాయనం ప్రారంభం!" అని పొదలో డాక్టరుగారు ఆనందంగా గడియారం నొక్కారు.

గేటు ధడాలున మూతపడింది. లోపల అడ్డగడియ పడింది. గడియ మీద నమ్మకం చాలక నూకరాజు తలకున్న తువ్వాలు విప్పి దాన్ని కూడా బిగించి కట్టాడు. ఆ తర్వాత లోపలున్నవాళ్ళంతా క్షేమంగా ఉన్నారో లేదోనని బ్యారక్కుల దగ్గరకెళ్ళి తలలు లెక్కపెట్టుకున్నాడు.

పొదలోంచి పరాంకుశంగారు లేచి, ప్యాంటుకంటుకున్న తుమ్మముళ్ళు పీక్కుని, గేటు దగ్గరకొచ్చి తలుపు కొట్టారు.

"ఎవరండీ?" అన్నాడు నూకరాజు.

"నేనురా! సూపరింటెండెంటుని! గేటు తియ్యి!"

"మీరు బయటెందుకున్నారండీ?"

పరాంకుశంగారు గేటుని ఇంకోసారి గుద్ది, "తియ్యమంటున్నానా?" అన్నారు.

"ఆయ్, తియ్యకూడదండి. గేటు జోలికెల్లావంటే బెయిలు గోవిందా అన్నారండి మా లాయరుగారు. మీరే కదండీ, కాయితం లేకుండా సీవ కూడా లోపలికి రాకూడదని రోజూ అరుత్తారు?"

అది నిజమే. ఆ వాక్యం గేటు మీద పెయింటుతో రాయించింది కూడా ఆయనే. చేసేది లేక, తన జైల్లోకి తనకి ప్రవేశం ఇప్పించవలసిందిగా ఒక దరఖాస్తు రాసి గేటు కిందనుంచి తోశారు. నూకరాజుకి చదవడం రాదు. బ్యారక్కులో ఒక బ్యాంకు గుమస్తా ఉన్నాడు, సొసైటీ సొమ్ము తిని వచ్చినవాడు. అతను ఊచల్లోంచి కాగితం తీసుకుని, పైనుంచి కిందికి చదివి, "దరఖాస్తు సలక్షణంగా ఉంది గానీ, ఆఫీసు ముద్ర లేదు. చెల్లదు" అన్నాడు.

ముద్ర లోపల ఆఫీసు గదిలో ఉంది. చీకటి పడేలోగా నూకరాజే జాలిపడి, ఆఫీసు గదిలోకెళ్ళి ముద్ర వెతికి తెచ్చి, గేటు కిందనుంచి అందించాడు. పరాంకుశంగారు బయట నేల మీద కూర్చుని ముద్ర వేసుకుని, మళ్ళీ లోపలికి తోశారు. గుమస్తా సరేనన్నాక నూకరాజు గడియ తీశాడు.

ప్రయోగ ఫలితం కోర్టుకి వచ్చింది. నూకరాజు పారిపోలేదు. భానుమూర్తిగారు ఉత్సాహంగా లేచారు. ఆయన నోరు తెరిచేలోగా ప్రాసిక్యూటరుగారు అందుకున్నారు.

"మహాప్రభో, బెయిలనునది నిర్బంధమందు క్లేశపడువానికి. తెరచి ఉన్న ద్వారమును తానే మూసి, గడియ పెట్టి, తువ్వాలుతో కూడా బంధించుకున్నవానికి క్లేశమెక్కడిది? కోరి ఉన్న చోటు నుండి ఆతనిని వెళ్ళగొట్టుట క్రౌర్యం కాదా?"

పారిపోతే పారిపోతాడని బెయిలివ్వరు. పారిపోకపోతే లోపల హాయిగా ఉన్నాడని ఇవ్వరు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదేనని భానుమూర్తిగారికి వృత్తిలోకొచ్చిన ఇన్నేళ్ళకి బోధపడింది. ఆయాసం ఎక్కువై కూర్చుండిపోయారు. జడ్జిగారికి మాత్రం మనసులో ఏదో ముల్లు గుచ్చుకుంది. జైలు ఆవరణ నూకరాజుకి అలవాటైన చోటు కాబట్టి, ప్రయోగం తటస్థమైన స్థలంలో మళ్ళీ జరపమన్నారు.

ఆ వారం లోవతల్లి ములాఖత్తుకి వచ్చినప్పుడు నవ్వలేదు.

"మావా, ఎగువన కోతలు మొదలెట్టేశారు. దడిలో ఉండలేక అరుత్తన్నాయి. గుడ్లు పెట్టడం మానేశాయి. నిన్న ఆ కోళ్ళు కోసమ్మేవోడొచ్చి సూసెళ్ళాడు. కాళ్ళట్టుకుని ఎత్తి బరువు సూత్తన్నాడు."

నూకరాజు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ జైలన్నది అతనికి పెద్దగా పట్టలేదు. వేళకింత తిండి, పైన కప్పు, పెద్దవాళ్ళేవో చేస్తున్నారు, చేస్తారు. ఎవడో తన బాతుల్ని కాళ్ళు పట్టి ఎత్తాడన్న మాట వినేసరికి మాత్రం ఊరుకోలేకపోయాడు. "అమ్మకే. ఈ పరీచ్చ గట్టెక్కేత్తాను" అన్నాడు.

తటస్థ స్థలంగా రైల్వేస్టేషను ఎంపికైంది. ముద్దాయికి పారిపోయే సౌకర్యం పరిపూర్ణంగా కల్పించకపోతే శాస్త్రం ఒప్పుకోదని డాక్టరుగారన్నారు. అందుచేత నూకరాజుకి కొత్త చొక్కా తొడిగి, ఒరిస్సా దాకా టిక్కెట్టు కొని చేతిలో పెట్టి, దారిలో తినడానికి పులిహోర పొట్లం కూడా ఇచ్చి, ప్లాట్‌ఫారం మీద వదిలేశారు. డాక్టరుగారూ, కాపలా కానిస్టేబుళ్ళూ ముందే బండెక్కి కిటికీ చాటున దాక్కున్నారు. వాడు ఎక్కగానే పట్టుకోవాలని ఏర్పాటు.

బండి కూత వేసింది. నూకరాజు సిమెంటు బెంచీ మీద కూర్చుని పులిహోర తింటున్నాడు.

డాక్టరుగారు కిటికీలోంచి తల బయటపెట్టారు. "నూకరాజూ! బండి కదులుతోంది!"

"సూత్తన్నానండి. జాగర్తగా ఎల్లి రండి."

"నువ్వు ఎక్కవా?"

"ఎక్కితే పరీచ్చ పోద్ది కదండీ?"

"ప్రయత్నమైనా చెయ్యవయ్యా! కనీసం మెట్టు మీద ఒక్క కాలు పెట్టు! నా మాపకానికి ఏదో ఒక అంకె రావాలి!"

నూకరాజు చెయ్యూపాడు. బండి వేగం అందుకుంది. డాక్టరుగారు దూకుదామా అనుకునేసరికి స్టేషను అయిపోయింది. టిక్కెట్టేమో నూకరాజు చేతిలో ఉండిపోయింది. దారిలో టీసీ వచ్చి అడిగితే, ఒక ఖైదీ పారిపోతాడో లేదో చూడడానికి బండెక్కామని ఉన్నదున్నట్టు చెప్పారట. ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటి సాకు వినలేదని టీసీ వాళ్ళని తరవాతి పెద్ద స్టేషన్లో రైల్వే పోలీసులకి అప్పగించాడు. పలాయన ప్రవృత్తి మాపన విభాగం మొత్తం, కానిస్టేబుళ్ళతో సహా, కొన్నాళ్ళపాటు ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. నూకరాజు మాత్రం దారి అడుక్కుంటూ నడిచి, సాయంత్రం గంజి వేళకి జైలు చేరుకున్నాడు.

డాక్టరుగారు తిరిగొచ్చాక, అవమానభారంతోనైనా, నిజాయితీగా నివేదిక రాశారు. పలాయన సూచిక: సున్న.

"సున్న అనునదే అనుమానాస్పదం, మహాప్రభో!" అన్నారు ప్రాసిక్యూటరుగారు. "బ్రతికున్న ప్రతివానికీ పదో పదిహేనో ఉండును. నాకున్నది. ఏలినవారికిన్నీ ఉండును."

జడ్జిగారు తనకు తెలియకుండానే ఒకసారి తలుపు వైపు చూశారు. తరవాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సున్న నిజమైన సున్నయేనా అన్నది విభాగం ధ్రువీకరించాలని ఉత్తర్వు చేశారు. విభాగం ధ్రువీకరించింది. 'కొల్లాటి నూకరాజు అను ఖైదీ పారిపోవుట శాస్త్రరీత్యా అసంభవము' అని ముద్ర వేసి, ఒక ప్రతి కోర్టుకీ ఒక ప్రతి జైలుకీ పంపింది. పరాంకుశంగారు దాన్ని పటం కట్టించి గోడకి తగిలించారు. కోర్టుకి సెలవులిచ్చారు.

సెలవుల్లో సార్వా కోతలు జోరందుకున్నాయి.

కోళ్ళవాడు తట్టలు తీసుకుని వస్తున్నాడని తెలిసిన రోజు లోవతల్లి ఇంక లాయరునీ అడగలేదు, దేవుణ్ణీ అడగలేదు. చుట్టుపక్కల చేలన్నీ అప్పటికే వేరే మందలు తినేశాయి. మంద దిగని చేను ఒక్కటే మిగిలింది. అది జైలు వెనక ఖైదీలు పండించే ప్రభుత్వ భూమి. ఇద్దరు బంధువుల్ని సాయం పట్టుకుని, బాతుల్ని గంపల్లో వేసి, ట్రాక్టరు తొట్టిలో తెచ్చి, పట్టపగలు ఆ చేలో దింపేసింది. దింపి గట్టు మీద కూర్చుంది.

బాతులు ఆకలి మీదున్నాయి. పరిగె తిన్నాయి, పనలు తొక్కాయి, కుప్ప ఎక్కాయి. వార్డర్లు లాఠీలతో తరిమితే ఈ మడిలోంచి ఆ మడిలోకి పోయి మళ్ళీ వచ్చాయి. పరాంకుశంగారు స్వయంగా దిగి, గట్టు మీద జారి, మోకాలిదాకా బురదలో నిలబడి అరిచారు.

"ప్రభుత్వ ధాన్యం! ప్రభుత్వ ధాన్యం! ఎవరివివి?"

"తమరి జైల్లో ఉన్నాయన తాలూకేనండి" అంది లోవతల్లి. "ఆయన పిలుత్తే వత్తాయి. ఇంకెవరు పిలిచినా రావు."

పరాంకుశంగారు నూకరాజుని బయటికి రప్పించారు. ఏ ఉత్తర్వుతో రప్పించాలో ఆలోచించే సావకాశం లేదు. అసంభవమని గోడ మీద పటమూ ఉంది. నూకరాజు గట్టెక్కి గొంతెత్తి ఒక్క కేక వేశాడు. చేలో మేత ఒక్కసారి ఆగిపోయింది. తరవాత మంద మందంతా మెడలు చాచుకుని, ఒకదాన్నొకటి తోసుకుంటూ అతని కాళ్ళ దగ్గరికి వచ్చి పడింది. నూకరాజు బురదలో కూర్చుండిపోయి ఏడ్చాడు. లోవతల్లి కొంగు నోట్లో కుక్కుకుని అటు తిరిగింది.

"ఆ రాగాలు తరవాత! ముందు వీటిని తోలెయ్!" అన్నారు పరాంకుశంగారు.

"ఎందాకా తోలమంటారండీ? దగ్గర్లో వదిలేత్తే గింజ వాసనకి మల్లీ వచ్చేత్తాయి."

"మళ్ళీ రానంత దూరం తోలు! కళ్ళకి కనపడకూడదు!"

"ఆయ్, సిత్తవండి" అన్నాడు నూకరాజు. పెద్దవాళ్ళ మాట దాటడం అతనికి అలవాటు లేదు. బాతులు తిరిగి రానంత దూరం అంటే, ముందర కోతలు జరుగుతున్నంత దూరం. అందుకని ఆ గట్టమ్మట, ఆ పై కాలవమ్మట, కోతల వెంట నడిచి వెళ్ళిపోయాడు. వెనక లోవతల్లి నడిచింది.

ఆ సాయంత్రం తలల లెక్కలో ఒకటి తగ్గింది. పరాంకుశంగారు రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నారు. ఖైదీ పరారీ అని పైకి రాస్తే, ఏ ఉత్తర్వు మీద బయటికి తీశారని అడుగుతారు. వెనక బోలెడు సర్వీసు ఉంది, ముందు పెన్షనుంది. గోడ వైపు చూశారు. 'పారిపోవుట శాస్త్రరీత్యా అసంభవము.' ప్రభుత్వ శాస్త్రం అసంభవమన్నదాన్ని ఒక సూపరింటెండెంటు జరిగిందనడం క్రమశిక్షణా రాహిత్యం అవుతుంది. పారిపోవడం అసంభవం కాబట్టి నూకరాజు లోపలే ఉన్నాడు. కనపడకపోవడం వేరే సంగతి. లెక్క సరిపోయిందని సంతకం పెట్టారు.

ఆ తరవాత రోజూ సరిపోయింది.

సెలవులయ్యాక జడ్జిగారు ఖైదీ యోగక్షేమాల మీద నివేదిక అడిగారు. 'సదరు ఖైదీ మిక్కిలి నెమ్మదస్తుడు. ఎవరితోనూ తగాదాలు లేవు. భోజనం విషయమై ఎట్టి ఫిర్యాదు చేసి ఎరుగడు. ఉన్నట్లే తెలియదు' అని పంపారు పరాంకుశంగారు. ఇందులో ఒక్క అబద్ధం లేదు. జడ్జిగారు చదివి తృప్తిపడ్డారు. ఇంత నిశ్చింతగా ఉన్నవానికి బెయిలు అవసరం కనపడలేదని పిటిషను కొట్టేశారు. అప్పీలు యథావిధిగా వంతు వచ్చినప్పుడు విచారిస్తామన్నారు.

కోతలు అయిపోయాక, మంద కడుపు నిండి, గుడ్లు పెట్టి, పిల్లలు కూడా చేశాక, నూకరాజు చినగుమ్మలూరు వచ్చాడు. బాతుల్ని దడిలో పెట్టి, స్నానం చేసి, స్టేషను పరీక్షకి వాళ్ళిచ్చిన చొక్కా తొడుక్కుని, లోవతల్లిని వెంటబెట్టుకుని జైలుకి బయల్దేరాడు. ఎందుకెళ్తున్నావని అడిగినవాళ్ళకి, "నా అప్పీలుంది కదండీ. నేనక్కడ లేపోతే ఎలా?" అన్నాడు.

గేటు దగ్గర అతన్ని చూసి పరాంకుశంగారు వార్డర్లని ఆగమన్నారు. ఆయనే పరుగున బయటికొచ్చి, గేటు వెనకాల మూసేశారు.

"ఎవరు నువ్వు?"

"నేనండీ, నూకరాజుని. తోలేసి వచ్చానండి. ఇంక రావండవి."

"నూకరాజు లోపలున్నాడు."

నూకరాజు ఊచల్లోంచి లోపలికి తొంగి చూశాడు. మర్యాదకే చూశాడు. "లేనండీ" అన్నాడు.

"ఉన్నావు! ప్రతి పూటా ఉన్నావు. కోర్టుకి రాశాను. కోర్టువారు ఒప్పుకున్నారు. లోపలున్నవాణ్ణి మళ్ళీ చేర్చుకుంటే ఇద్దరవుతారు. ఒక శిక్షకి ఇద్దర్ని ఉంచే అధికారం నాకు లేదు. వెళ్ళిపో."

"అయితే ఈయన్ని ఇంటికి తీసుకుపోవచ్చాండీ?" అంది లోవతల్లి వెంటనే.

"ఈయనెవరో నాకు తెలియదమ్మా. ఎవర్ని కావాలంటే వాళ్ళని తీసుకుపో."

లోవతల్లి మొగుడి చెయ్యి పట్టుకుంది. నూకరాజు కదల్లేదు.

"మరి నేను తొయ్యలేదని తేలాలి కదండీ? మా ఊళ్ళో అంతా నేను తోసేననే అనుకుంటన్నారు. పాపారావుగారు ఎదురుపడితే ఇప్పటికీ పక్కకి తప్పుకుంటన్నారు. అది తేలకుండా ఎల్లిపోతే నిజంగా పారిపోయినట్టే కదండీ?"

పరాంకుశంగారు అతని ముఖంలోకి చూశారు. ఇన్ని నెలలుగా ఈ మనిషి నడకనీ, నిద్రనీ, వెనక్కి చూసే చూపునీ కొలిచిన కాగితాలన్నీ ఆయన చేతుల మీదుగానే పోయాయి. ఆ కాగితాల్లో ఎక్కడా లేని ప్రశ్న ఒకటి ఉందని ఆయనకి ఇప్పుడే తట్టింది. ఎప్పుడూ లేనిది గొంతు తగ్గించి, ఆఫీసు భాష వదిలేసి అడిగారు.

"నిజంగా నువ్వు తొయ్యలేదా?"

నూకరాజు కళ్ళు తుడుచుకుని, "ఈ ముక్క అడిగినోరు మీరొక్కరేనండీ" అన్నాడు.

అక్కడే నిలబడి మొత్తం చెప్పాడు. గట్టు సంగతి, బోదె సంగతి, చొక్కా పట్టుకుని లాగిన సంగతి. పరాంకుశంగారు మధ్యలో ఆపకుండా విన్నారు. విని, తన మోకాలు తడుముకున్నారు. ఆయన కూడా ఆ మధ్యే అలాంటి గట్టు మీదనుంచి జారినవాడు.

"నువ్వు నిర్దోషివయ్యా" అన్నారు.

"ఆ ముక్క రాసిత్తారాండీ?"

"రాసే అధికారం నాకు లేదు."

"ఎవరికుందండీ?"

"కోర్టుకి. నీ వంతు రావాలి. లోపల నెమ్మదిగా ఉన్నావని రాశాం గదా, వాళ్ళకీ తొందరలేదు."

నూకరాజు తలూపి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. లోవతల్లి అతన్ని రెక్క పుచ్చుకుని రోడ్డు మీదికి నడిపించింది. లెక్క ప్రకారం ఆ సాయంత్రం కూడా నూకరాజు లోపలే ఉన్నాడు. బయట ఉన్నవాడు మాత్రం, ఎవరైనా తనని పిలుస్తారేమోనని, బస్టాండుదాకా వెనక్కి తిరిగి చూస్తూనే నడిచాడు.